గేటు మీద ఒక వాక్యం

వనపర్తిలో ఆ బుధవారం మధ్యాహ్నానికల్లా కూతురి తెలుగు పాఠాల సంగతి తేల్చేయాలని ఉమారాణి పొద్దున్నే నిశ్చయించుకుంది. తొమ్మిదేళ్ల సౌందర్య, కిందటేడు కామెర్లు తగ్గాక మళ్లీ బడికి పోనని మొండికేసింది. బీఎడ్ చదివి ఇంట్లో ఉన్న ఉమారాణి "నేనే చెప్పుకుంట" అని బంధువులందరి ముందూ అనేసింది. లెక్కలు సాగుతున్నాయి. తెలుగు పుస్తకం తెరిస్తే మాత్రం పిల్లకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తున్నాయి.

ఇప్పటికి రెండు కోర్సుల నమూనాలు తెప్పించింది. ఒకటి అక్షరాల నుంచి మొదలుపెట్టమంది. రెండోది పిల్లను బలవంతం చేయొద్దంది. అది సౌందర్యకు బాగా నచ్చింది. ఇంటికొచ్చి పాఠం చెప్పే మూడో కోర్సు పంతులు అనిల్ నాగర్‌కర్నూల్ నుంచి పదింటికి వస్తానన్నాడు. "పోర్షన్ అంత చూపిస్త మేడం, చూసినంకనే చెప్పుండ్రి" అని సిలబస్ గురించి ఫోన్లో చెప్పాడు. ఉమారాణి అతన్ని ఎప్పుడూ చూడలేదు.

ఈలోగా పిల్లను ఊరికే ఉంచడమెందుకని మొదటి నమూనాలోని అభ్యాసం ఒకటి ఇచ్చింది. ఇంటికి సరిపోయే వాక్యాలు అట్టముక్కల మీద రాసి అతికించాలి. సౌందర్య బీరువాకు 'ఇది బీరువా' అని అతికించింది. తర్వాత పక్క వీధి గోడ మీద చూసిన వాక్యం గుర్తొచ్చి, గుండ్రటి అక్షరాలతో రాసి గేటుకు అతికించింది: 'పోర్షన్ కిరాయికి ఇవ్వబడును. లోపల అడగండి.'

వంటింట్లోంచి ఉమారాణి, చూడకుండానే, "మంచిగ రాసినవ్" అంది.

వాళ్లుండేదే కిరాయింట్లో.

తొమ్మిదిన్నరకు గణేష్ వచ్చాడు. కోడేరు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. సామాను పక్క వీధిలో దింపుకుని పదిహేను రోజులుగా ఇల్లు వెతుక్కుంటున్నాడు.

"పోర్షన్ గురించి వచ్చిన అక్కా."

"రాండ్రి, మీ కోసమే చూస్తున్న."

"ఎంతుంటది పోర్షన్?"

"అది మీరే చెప్పాలె గద. మరీ పెద్దగుంటే మా పిల్ల బెదురుతది."

పెద్ద పోర్షన్‌కు పిల్ల ఎందుకు బెదరాలో గణేష్‌కు అర్థం కాలేదు. "చిన్నదే చాలక్కా. నేను, నా భార్య, ఇద్దరమే."

ఒక్కరి బదులు ఇద్దరు పంతుళ్లు రావడం ఉమారాణికి బాగానే తోచింది. "ఏ టైంల ఉంటరు?"

"పగలంత డ్యూటీ. సాయంత్రం నుంచి ఈడనే ఉంటం."

"మంచిదే. కాకపోతే మా పిల్లకు నచ్చితేనే ఖాయం. ముందే చెప్తున్న."

ఇంటివాళ్ల షరతులు గణేష్ చాలా విన్నాడు. మాంసం వండొద్దన్నారు, తొమ్మిదికే గేటు వేస్తామన్నారు. పిల్లకు నచ్చాలనడం మాత్రం కొత్త. అయినా వంగి, "నచ్చిన్నా బిడ్డా?" అని అడిగాడు. ఖాళీ చేతులతో వచ్చిన పంతుల్ని సౌందర్య అంతవరకూ చూడలేదు. వెంటనే తలూపింది. అతను సౌందర్య చదువుకునే గదిలోకి తొంగి చూసి, బాగుందన్నాడు.

"ఇయ్యాల మంచిరోజు. సామాను తెచ్చుకోవచ్చా? ఎంతియ్యాలనో సాయంత్రం మాట్లాడుకుందం."

సామానంటే పుస్తకాలూ చార్టులూ అనుకుని, "తెచ్చి హాల్ల పెట్టుండ్రి" అని ఉమారాణి స్నానానికి వెళ్లింది.

అప్పుడే అత్త జోగులమ్మ కిరాణా కొట్టు నుంచి మండిపడుతూ వచ్చింది. దారిలో ఇద్దరు ఆపి పోర్షన్ ఖాళీయా అని అడిగారు. ఆమెకు చదువు రాదు. గిట్టనివాళ్లెవరో పుకారు పుట్టించారనుకుని గడపలోనే కూర్చుంది. సరిగ్గా పదింటికి భుజాన సంచితో అనిల్ వచ్చాడు.

"అమ్మా, పోర్షన్ సంగతి మాట్లాడనీకి వచ్చిన."

"పోర్షన్ లేదు, గీర్షన్ లేదు. పో."

"మేడమే రమ్మన్నది."

"ఈ ఇంట్ల మేముంటున్నం. నీకెట్లిస్తం?"

"నాకియ్యొద్దమ్మా. నేనే ఇస్త."

"నువ్వెంతిచ్చినా వద్దు."

అనిల్ నమూనా పుస్తకం మెట్టు మీద పెట్టి బస్టాండుకు నడిచాడు. అతను మలుపు తిరిగేలోపే ట్రాలీ ఆటోలో ఫ్రిజ్, మంచం, గ్యాస్ సిలిండరుతో గణేష్ దిగాడు. ఆటో వెనకే ఇంటి ఓనరు బాలస్వామి స్కూటరాపి, గేటు మీది అట్ట చదివాడు.

"నా ఇల్లు మీరెట్ల కిరాయికిస్తరమ్మా? వచ్చే నెల ఖాళీ చెయ్యుండ్రి."

తడి జుట్టుతో బయటికొచ్చిన ఉమారాణి ముందు ఫ్రిజ్‌ను చూసింది. "పుస్తకాలేవి?" అని గణేష్‌ను అడిగింది.

"ఏ పుస్తకాలక్కా?"

సంగతి తేలడానికి అరగంట పట్టింది. ఉమారాణి కోర్సు అంటోంది, గణేష్ కిరాయి అంటున్నాడు, జోగులమ్మ ఇద్దరి మాటా వినడం లేదు. చివరికి సౌందర్యే ముందుకొచ్చింది. "నేనే రాసిన. వాక్యం రాసి అతికియ్యమన్నది అమ్మనే."

పిల్లకు చదువు చెప్పబోయి ఉన్న ఇల్లు పోగొట్టుకుందని బంధువులు చెప్పుకునే మాటలు ఉమారాణికి అప్పుడే వినబడసాగాయి.

బాలస్వామి అట్ట పీకి, దూరంగా పట్టుకుని చూశాడు. "అక్షరాలు ముత్యాల లెక్కున్నయి. నేనుండే ఇంట్ల మేడ మీది పోర్షన్‌కు ఆరు నెలల సంది మనిషి దొరకలే నాకు. ఈ పిల్ల పొద్దుగాల రాస్తె పదింటికి సామానుతోనే దిగిండు" అన్నాడు. ఖాళీ చేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఫ్రిజ్ ఆయన మేడెక్కింది.

సాయంత్రం ఉమారాణి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఇంత మంచిగ రాస్తవు. చదువుమంటె ఎందుకు చదువవే?" అంది విసిగిపోయి.

"కథ చదివితే ఎవరన్న వస్తరా మనింటికి? ఇది రాస్తె ఒక్క పూటల ముగ్గురొచ్చిండ్రు."

ఏడాదిగా సౌందర్య ఈడు పిల్ల ఒక్కతి కూడా ఆ గేటు తీయలేదని ఉమారాణికి అప్పుడు తట్టింది. తర్వాత ఇంకో అట్టముక్క తెచ్చి వాక్యం చెప్పింది: 'ఇక్కడ పిల్లలకు తెలుగు చెప్పబడును.' ఈసారి రెండుసార్లు చదివి, ఓనరును అడిగి మరీ అతికించింది.

వారం తిరిగేసరికి నలుగురు పిల్లలు చేరారు. ఇప్పుడు ఉమారాణి ఇంట్లో పుస్తకం ముట్టనని భీష్మించుకున్న పిల్లలు ఐదుగురు.