ఏ ఒండ్రెయ్ సెడ్లాక్?

గురువారం పొద్దున ఆరు గంటల బస్సుకు ఒండ్రెయ్ సెడ్లాక్ జిల్లా పట్నానికి బయలుదేరాడు. పని ఒక్కటే. గేటుకు బిగించడానికి నీలం రంగు రేకు మీద తెల్లని అక్షరాలతో తన పేరు రాయించాడు, అది తెచ్చుకోవాలి. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి తెల్లవారకముందే గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని, ఒక రేకు ముక్క కోసం పట్నం పోవడం అతని భార్య మార్గిటాకు నచ్చలేదు.

"ఈ ఊళ్ళో సగం గేట్ల మీద అదే ఇంటిపేరు. అది చూసి నీ ఇల్లు ఎవడు కనుక్కుంటాడయ్యా?"

"నేను కనుక్కుంటాను."

"అయితే ఆ రేకుతోనే కాపరం చెయ్యి. నువ్వు తిరిగి రాకపోయినా నాకేం బెంగ లేదు, పో!" అని మార్గిటా తలుపు వేసేసింది. నలభై ఆరేళ్ళ కాపరంలో ఇలాంటి మాటలు ఇద్దరూ లెక్కలేనన్ని అనుకున్నారు. ఆ తరవాత మామూలుగా భోంచేశారు.

మార్గిటా అన్నదాంట్లో తప్పులేదు. మా యసెన్కాలో నూట పన్నెండు గడపలుంటే అరవైకి పైగా సెడ్లాకులే. పెళ్ళిళ్ళు కూడా సెడ్లాకులకూ సెడ్లాకులకూ మధ్యే జరుగుతాయి కాబట్టి ఆ సంఖ్య తగ్గే సూచన కూడా లేదు. అందుకని ఇక్కడ ఇంటిపేరుతో పని జరగదు, ఇంటికో గుర్తు ఉండాలి. మిల్లు సెడ్లాకులు, వంతెన సెడ్లాకులు, తేనె సెడ్లాకులు, ఊరికి దూరంగా కొండ మీద సున్నబట్టీ సెడ్లాకులు. గుర్తును ఎవరూ కోరి పెట్టుకోరు. ఊరు పెడుతుంది, పెట్టాక తియ్యదు.

ఒండ్రెయ్ వాళ్ళు బాతు సెడ్లాకులు. ఒక కరువు ఏడాదిలో అతని తాత పాదిరి గారి బాతును పట్టి కోటు కింద దాచుకున్నాడు. ఇంటికి చేరేలోపే గంట మోగింది, దారిలో వాళ్ళందరితో కలిసి చర్చిలోకి పోక తప్పలేదు. అందరూ తలలు వంచుకున్న సమయంలో బాతు అరిచింది. తాత పోయాడు, పాదిరి పోయాడు, బాతు సంగతి చెప్పనే అక్కర్లేదు. పేరు మాత్రం మూడు తరాలుగా ఉంది. బళ్ళో బాతు, సైన్యంలో బాతు, పెళ్ళిపీట మీద కూడా బాతే. ఇదేం పెద్ద కష్టమా అనుకునేవాళ్ళకు వంతెనో తేనో దొరికి ఉంటుంది. ఒండ్రెయ్‌కు మాత్రం అది నిజంగానే కష్టం. జీవితంలో ఒక్క గడ్డిపరక కూడా దొంగిలించని మనిషి అతను.

అందుకే చలికాలంలో కొత్త మేయరు కమిలా దగ్గరికి వెళ్ళి అర్జీ ఇచ్చాడు. ఊరి మైకులో, అంటే వీధి వీధికీ స్తంభాల మీద ఉన్న ఆ లౌడ్‌స్పీకర్లలో, ఇకమీదట ఎవరినీ గుర్తుతో పిలవకూడదని. "చచ్చేలోపు ఒక్కసారైనా ఆ మైకులో నా పేరు మర్యాదగా వినాలమ్మా," అన్నాడు. కమిలా చదువుకున్న మనిషి, పైగా కొత్త. బాగుందని ఆర్డరు వేసేసింది. అది అమల్లోకి వచ్చి ఆ గురువారానికి నాలుగో రోజు.

పది గంటలకు మైకు గరగరలాడింది. ముందు పాట వేశారు. మా ఊళ్ళో పొద్దున పూట హుషారైన పాట వస్తే సంతలోకి కోడిపిల్లలు వచ్చాయని అర్థం. ఏడుపు పాట వస్తే ఎవరో పోయారని. అది ఏడుపు పాట. ఆఫీసు గుమాస్తా జోఫియా గొంతు సవరించుకుని చదివింది. "మన గ్రామస్థుడు ఒండ్రెయ్ సెడ్లాక్, డెబ్బై ఒకటో ఏట, జిల్లా ఆసుపత్రిలో కన్నుమూశారు. భౌతికకాయం మధ్యాహ్నానికి ఇంటికి చేరుతుంది." ఏ ఒండ్రెయ్‌యో జోఫియాకు తెలుసు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆర్డరు ఆర్డరే. మైకు కట్టేసి, ఆఫీసుకు తాళం వేసి, తాళంచెవి మేయరు ఇంట్లో ఇచ్చి, పన్ను పీకించుకోవడానికి పక్క ఊరు వెళ్ళిపోయింది.

మార్గిటా అప్పుడు కోళ్ళకు గింజలు వేస్తోంది. డెబ్బై ఒకటో ఏట. జిల్లా ఆసుపత్రి. పొద్దున్నే జిల్లాకే పోయాడు. గింజల చేట చేతిలోంచి జారిపోయింది. ఆమె అరిచిన అరుపు వంతెన దాకా వినబడిందట. పక్కింటి హెర్మీనా కంచె దాటుకుని వచ్చేసరికి మార్గిటా నేల మీద కూర్చుని ఒకే మాట అంటోంది. "బెంగ లేదన్నాను. బెంగ లేదన్నాను హెర్మీనా."

ఆ తరవాత ఊరికి సందేహం ఏముంటుంది? పెళ్ళామే ఏడుస్తుంటే ఏ ఒండ్రెయ్ అని అడిగేవాడెవడు? హెర్మీనా గోడ గడియారం ఆపింది, అద్దానికి దుప్పటి కప్పింది, ఆత్మ పోయేందుకు కిటికీ తెరిచింది. అగ్నిమాపక దళం నాయకుడు గుస్టావ్ ఇత్తడి టోపీ పెట్టుకుని వచ్చి గేటుకు నల్లజెండా కట్టాడు. ఒండ్రెయ్ ముప్పై ఏళ్ళు ఆ దళంలో గొట్టం పట్టిన మనిషి మరి. బ్యాండువాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు గసగసాల రొట్టెలు, కోడి పులుసు గిన్నెలు పట్టుకొచ్చారు. మేయరు కమిలా నల్లబట్టల్లో పూలగుత్తితో వచ్చింది.

"బాతు ఒండ్రెయ్ లాంటి మనిషి ఇక పుట్టడు," అన్నాడు గుస్టావ్ కళ్ళు తుడుచుకుంటూ. "మా కొట్టం అంటుకున్నప్పుడు బాతే కదా ముందు లోపలికి దూకింది."

"మా ఆవు ఈనలేకపోతే రాత్రంతా కూర్చున్నాడు బాతు."

మార్గిటా తలెత్తింది. "ఆ పేరు అనకండి. మీకు పుణ్యముంటుంది. ఈ ఒక్క పూటకైనా అనకండి."

అందరికీ సిగ్గేసింది. ఆ పైన పొగుడుదామని నోరు తెరిచిన ప్రతివాడూ "మన... మన..." అని ఆగిపోయి, రొట్టె నోట్లో పెట్టుకుని ఊరుకున్నాడు. డెబ్బై ఏళ్ళు ఒకే పేరుతో పిలిచిన మనిషిని కొత్తగా తలుచుకోవడం అంత తేలిక కాదు.

పన్నెండున్నరకు ఆసుపత్రి బండి వచ్చింది. డ్రైవరు దగ్గర కాగితం ఉంది, దాని మీద ఇంటి నంబరు కూడా ఉంది. కానీ వీధి మలుపు తిరగగానే నల్లజెండా, బ్యాండు, పూలు కనిపించాయి. ఇక నంబరు ఎవడు చూస్తాడు? "సెడ్లాక్ గారిల్లేగా?" అన్నాడు. "అవును నాయనా," అన్నారు అరవైమంది. గుస్టావ్ మనుషులు పేటికను జాగ్రత్తగా దించి ముందుగదిలో రెండు పీటల మీద పెట్టారు. మూత బిగించి ఉంది. మార్గిటా ఆ మూత మీద తల ఆనించి, పక్కవాళ్ళకు వినబడనంత మెల్లగా, పొద్దున అన్న మాట అబద్ధమని చాలాసేపు చెప్పుకుంది.

ఒకటిన్నరకు ఒండ్రెయ్ బస్సు దిగాడు. చంకలో కాగితం చుట్టిన రేకు. బజారు ఖాళీగా ఉంది, సారాకొట్టు కూడా మూసి ఉంది. మలుపు తిరిగాక తన గేటు కనబడింది. గేటుకు నల్లజెండా కనబడింది.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఒకరు తను.

ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. ముందుగది నిండా జనం మోకాళ్ళ మీద ఉన్నారు, వీపులు ఇటు. వాళ్ళ తలల మీదుగా పేటిక. రేకు కింద పడింది. "మార్గిటా!" అని గోడలు అదిరేలా ఏడ్చాడు. "నన్నొదిలేసి పోయావా మార్గిటా!"

అరవై తలలు వెనక్కి తిరిగాయి. గుస్టావ్ చేతిలో కొవ్వొత్తి జారి టోపీలో పడింది. "యేసు మరియా!" అని హెర్మీనా బల్ల కిందికి దూరింది. పేటిక అవతలినుంచి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో, మార్గిటా మెల్లగా లేచి నిలబడింది.

"నువ్వు అక్కడున్నావేంటి?" అంది.

"నువ్వు ఇందులో లేవా?" అన్నాడు.

మార్గిటా జనాన్ని తోసుకుంటూ వచ్చి జపమాల చుట్టిన పిడికిలితో అతని ఛాతీ మీద మూడు గుద్దులు గుద్దింది. తరవాత కోటు పట్టుకుని వదలలేదు. "ఎక్కడ చచ్చావయ్యా ఇంతసేపు?"

"బస్సు టైరు పంక్చరయిందే," అన్నాడు ఒండ్రెయ్ ఏడుస్తూ.

కాసేపు ఆ గదిలో పండగే. గుస్టావ్ ప్లమ్ పళ్ళ సారా పోశాడు. బ్యాండువాళ్ళు ఇత్తడి బూరలు అందుకున్నారు. అంతలో ఒండ్రెయ్ గ్లాసు పక్కన పెట్టి, "మరి ఇందులో ఎవరు?" అన్నాడు.

ఊళ్ళో ఒండ్రెయ్ సెడ్లాకులు నలుగురు. ఒకడు ఇక్కడే రొట్టె నముల్తున్న పోస్టుమాన్. ఒకడు ఉయ్యాల్లో ఉన్నాడు. బాతు ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

"సున్నబట్టీ," అంది హెర్మీనా బల్ల కిందినుంచి. "ఈమధ్య సంతలో కనబడనే లేదు."

సున్నబట్టీ ఒండ్రెయ్ కొండ మీద అక్క వెరోనికాతో ఉండేవాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు, ఎవరి జోలికీ పోరు. అతను ఆసుపత్రిలో చేరాడన్న సంగతి ఆ గదిలో ఒక్కరికీ తెలియదు. పన్నెండింటికి తమ్ముడు ఇంటికొస్తాడని కూర్చున్న డెబ్బై నాలుగేళ్ళ ముసలామె దగ్గర ఇప్పుడు ఎవరున్నారు? ఎవరూ లేరు. ఊరంతా ఇక్కడుంది, ఆ తమ్ముడి పేటికతో సహా. అరవైమంది ఒకేసారి నేల చూపులు చూశారు.

"మైకులో చెప్పాలి," అన్నాడు గుస్టావ్. "మూడింటికి పాదిరి గారు ఈ ఇంటికే వస్తారు. పొలాల్లోవాళ్ళు కూడా ఇటే వస్తున్నారు."

తాళంచెవి కమిలా దగ్గరుంది. ఆఫీసు తెరిచింది గాని, మైకు ముందు నిలబడి ఇబ్బందిగా చూసింది. "ఒండ్రెయ్ గారూ, గుర్తులు వద్దని మీరే కదా అర్జీ పెట్టింది. ఇప్పుడు నేనేమని చెప్పను? పోయింది ఒండ్రెయ్ సెడ్లాక్, ఒండ్రెయ్ సెడ్లాక్ కాదు అననా?"

ఒండ్రెయ్ కొంతసేపు ఆ మైకును చూశాడు. ఎన్నాళ్ళ కోరికో అది. తరవాత ఆమెను పక్కకు జరిపి తనే కూర్చున్నాడు.

"నేను ఒండ్రెయ్ సెడ్లాక్‌ని," అన్నాడు. ఊరంతా అతని ఊపిరి వినబడింది. "బాతు. బాతు ఒండ్రెయ్‌ని. నేను బతికే ఉన్నాను. పోయింది సున్నబట్టీ ఒండ్రెయ్. వెరోనికా పొద్దున్నించీ ఒక్కతే కూర్చుని ఉంది. చేతిలో ఏముంటే అది పట్టుకుని కొండ మీదికి రండి. బాతు ఇంటికి రాకండి. అక్కడెవరూ పోలేదు."

కొండదారి బురదగా ఉంది, బండి ఎక్కదు. పేటికను భుజాల మీదే మొయ్యాలి. "నీ వయసుకు నువ్వెందుకు?" అని గుస్టావ్ ఎంత చెప్పినా వినక ఒండ్రెయ్ ముందు కొమ్ము పట్టుకున్నాడు. వెనక బ్యాండు, దాని వెనక పులుసు గిన్నెలు. వంతెన దగ్గర అరుగు మీద కూర్చున్న మతేయ్ తాతకు చెవుడు. బాతు పోయాడని పొద్దున కోడలు సైగలతో చెప్పింది, ఆ తరవాతి వార్త ఇంకా అందలేదు. పేటిక కనబడగానే టోపీ తీశాడు. పేటిక కింద ఒండ్రెయ్ కనబడ్డాడు. తాత చాలాసేపు చూశాడు.

"పాపం," అన్నాడు చివరికి. "మోసేవాళ్ళు కూడా దొరకలేదు. తనే మోసుకుపోతున్నాడు."

సున్నబట్టీ ఇంట్లో వెరోనికా రెండు ఖాళీ పీటల ముందు కూర్చుని ఉంది. కొవ్వొత్తి సగం కాలిపోయింది. బల్ల మీద గుడ్డ కప్పిన రొట్టెలు, వంద దాకా ఉంటాయి. ఊరంతటికీ సరిపడా చేసింది. గుమ్మం బయట అంతమందిని చూసి లేవబోయి, లేవలేక కూర్చుంది.

"మా తమ్ముడు ఊళ్ళోకి ఎక్కువ వచ్చేవాడు కాదు," అంది. "ఎవరూ రారేమో అనుకున్నాను."

జరిగింది చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఒండ్రెయ్ పేటిక దించి, ఆమె ముందు వంగాడు. "అదేం మాటక్కా. పొద్దున పది నుంచి ఊరంతా మీ తమ్ముడి కోసం ఏడుస్తూనే ఉంది."

"నేనైతే ఆ పేటిక మీద పడి ఏడ్చాను," అంది మార్గిటా. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

వెరోనికా ఆమె ఉబ్బిన కళ్ళు చూసింది. చెయ్యి పట్టుకుంది. "మా వాడంటే నీకు అంత అభిమానమా తల్లీ?"

"అవునక్కా," అంది మార్గిటా. ఈసారి ఆ పేటికలో ఉన్నవాడి కోసమే మళ్ళీ ఏడ్చింది.

శనివారం సమాధి దగ్గర నిలబడ్డంత జనాన్ని మా ఊరు ఏ సెడ్లాక్‌కూ చూడలేదు. సోమవారం కమిలా ఆర్డరు వెనక్కి తీసుకుంది. ఈలోపు మతేయ్ తాత తను చూసింది సారాకొట్టులో చెప్పాడు, విన్నవాళ్ళు మిగతావాళ్ళకు చెప్పారు. ఎవరు ముందు అన్నారో తెలియదు గాని వారం తిరగకుండానే బాతు అన్న మాట ఊళ్ళో వినబడడం మానేసింది. డెబ్బై ఏళ్ళుగా ఒండ్రెయ్ కోరుకున్నది అదే.

శుక్రవారం పది గంటలకు మైకు గరగరలాడింది. హుషారైన పాట అయ్యాక జోఫియా గొంతు సవరించుకుని చదివింది. "శవం సెడ్లాక్ గారికి విజ్ఞప్తి. మీ కట్టెల చీటీ వచ్చింది. వచ్చి తీసుకోగలరు."

ఒండ్రెయ్ చొక్కా తొడుక్కుని చీటీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు.