లచ్చమ్మ ఖోలీ, సర్కారు గట్టర్

ఇంట్లోకి బురద రావడం అదృష్టం! నవ్వకండి. వానాకాలంలో బురద రాని ఇల్లు కూడా ఒక ఇల్లేనా?

కామాటిపుర పదకొండో గల్లీలో, చాళ్ అనే కూలీల ఒంటిగదుల మేడలో, కింది అంతస్తులో ఉండే లచ్చమ్మనే చూడండి. పాలమూరు నుంచి వచ్చి, పక్కనే లేస్తున్న ఏడంతస్తుల బిల్డింగ్ పునాదుల దగ్గర మట్టి మోస్తోంది. పగలంతా ఆమె గుట్టపోసిన మట్టి, వాన పడగానే ఆమె వెంటే ఇంటికి వచ్చేస్తుంది. మీరు రాసిన ఫైలు ఏనాడైనా మిమ్మల్ని వెతుక్కుంటూ ఇంటికొచ్చిందా?

పైగా దీనికి పక్కా రూల్ ఉంది. సైటు మట్టి సర్కారు మురుగుకాలువలో, అంటే గట్టర్‌లో పడకూడదు. పడేట్టుంటే కాంట్రాక్టర్ అడ్డు కట్టాలి. కాంట్రాక్టర్ శంకర్రావు రూల్ దాటే మనిషి కాడు. ఆయనకు అడ్డు కట్టే అవసరమే రాలేదు, అంతే. సైటుకూ గట్టర్‌కూ నడుమ లచ్చమ్మ ఖోలీ ఉంది. మట్టంతా ఆ ఒక్క గదిలో పేరుకుంటోంది, తేటనీళ్లు మూలనున్న తూము గుండా గట్టర్‌లోకి పోతున్నాయి. గట్టర్లు చూసే ఇన్‌స్పెక్టర్ వచ్చి, లోపలికి తొంగిచూసి, "మట్టిని ఆపే ఏర్పాటు సంతృప్తికరం" అని రాసుకుపోయాడు. ఫాక్‌లాండ్ రోడ్డు మీది ఏ మేడకైనా ఇలాంటి సర్టిఫికెట్ ఉందా?

ఈ వైభవం లచ్చమ్మకు ఒంటబట్టలేదు. కూతురు చంద్రమ్మ కాన్పై తొమ్మిది రోజులు. ఖోలీలో మంచం లేదు, బాలింతా పసిగుడ్డూ పడుకునేది నేలమీదే. ఆదివారం వానకు బురద వాళ్ల బొంత అంచును తాకింది. లచ్చమ్మ ప్రాణం విలవిల్లాడింది. ఖాళీ సిమెంటు సంచుల్లో సైటు మట్టే నింపి, గడప ముందు మోకాలెత్తు కట్ట వేసింది. ఊళ్లో కుంటలకు కట్టలు పోసిన చేతులు కదా, వంక పెట్టడానికి లేదు.

మర్నాడు వాన దంచింది. ఖోలీలో చుక్క బురద లేదు. బురదంతా కట్ట పక్కగా మళ్లి, తిన్నగా వెళ్లి గట్టర్‌లో పడింది.

ఎంత ఘోరం! ఇన్‌స్పెక్టర్ పరుగున వచ్చాడు. కట్ట తీసెయ్యమని నోటీసు లచ్చమ్మకే ఇచ్చాడు.

"సాబ్, పిల్ల పచ్చి బాలింత. బురదొస్తే యాడ పండుకోవాలె?" అంది లచ్చమ్మ.

"అది నాకు తెలియదు. గట్టర్‌లో మట్టి పడొద్దు. ఖాయిదా!"

"గట్టర్‌కు ఖాయిదా ఉన్నది. మరి మా పిల్లకేమున్నది సాబ్?"

ఆయన మంచివాడు. రూల్స్ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా ఓపిగ్గా తిరగేశాడు. పిల్లల ఊసు ఎక్కడా కనిపించలేదు. ఆ సంచులను లచ్చమ్మే ఒక్కొక్కటిగా ఎత్తుకుని సైటుకు మోసింది.

నాకు చట్టమంటే మహా గురి. అందుకే ఆ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు అర్జీ పెట్టాను. అయ్యా, లచ్చమ్మ ఖోలీని కూడా దయచేసి సర్కారు గట్టర్ల లిస్టులో చేర్చండి. అప్పుడైనా అందులో మట్టి పడకుండా చూస్తారు.