చక్రపాణి గారి డై ప్రశ్న

నాగరికత అంటే ఏమిటన్న ప్రశ్నకు పెద్దలు రకరకాలుగా జవాబు చెప్పారు. టెక్సస్‌లోని మా కాపెల్‌లో మాత్రం దానికి ఒకటే అర్థం: మనిషి తనంతట తాను ఏ వస్తువూ కొనకుండా ఉండగలగడం. ప్రెషర్ కుక్కర్ మొదలు పళ్ళ డాక్టరు దాకా ఏది కావాలన్నా ముందు తెలుగు సమన్వయ సమితి వాట్సాప్ గ్రూపులో అడగాలి. అడగకుండా కొన్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళిప్పుడు పక్క ఊరు ఫ్రిస్కోలో ఉంటున్నారు.

చక్రపాణి గారు సమితి మాట జవదాటే మనిషి కాదు. యాభై దాటిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, పూర్తిగా నెరిసిన జుట్టు, శాకాహారి. పౌరసత్వం వచ్చిన ఏడాది ఆఫీసు స్నేహితుడొకడు పోరితే ఒక రైఫిల్ కొన్నారు. శనివారాలు షూటింగ్ రేంజికి వెళ్ళి కాగితం మీద కాలుస్తారు. ఆయన వల్ల ఇంతవరకు కాగితానికి తప్ప మరి దేనికీ హాని జరగలేదు. (కాగితానికి కూడా అరుదుగానే.)

ఆ రైఫిల్‌కు సరిపోయే తూటాలు దుకాణంలో ఒకరోజు కనిపిస్తే నెలరోజులు కనిపించవు. అందుకని వాడేసిన తూటాలనే ఇంట్లో మళ్ళీ నింపుకుందామని ఆయన నిశ్చయించుకున్నారు. మనవాళ్ళు ఇంట్లో ఆవకాయ పట్టినట్టు టెక్సస్‌లో చాలామంది ఈ పని చేస్తారు. పేలిన తూటా ఇత్తడి గొట్టం కాస్త ఉబ్బుతుంది. దాన్ని కడిగి, నూనె రాసి, ఒక ఉక్కు అచ్చులోకి నొక్కితే మళ్ళీ పాత కొలతకు వస్తుంది. ఆ అచ్చునే డై అంటారు.

డైలు రెండు రకాలు: చవకవి, ప్రీమియం. వాటి గురించి వీడియోలు చేసే నిపుణులూ రెండు రకాలే. చవకది చాలు, తూటాకు ధర చదవడం రాదు అనేది మొదటి వర్గం. చవకది కొనేకంటే చేత్తో రాయి విసురుకోవడం నయం అనేది రెండో వర్గం. రెండు వర్గాలనూ శ్రద్ధగా విన్న చక్రపాణి గారికి అన్నం సహించడం మానేసింది.

"గ్రూపులో అడగండి, పీడా పోతుంది," అన్నారు ఆయన భార్య ఛాయాదేవి. "తుపాకీ మాట మాత్రం ఎత్తకండి. పద్నాలుగో నిబంధన గుర్తుందిగా?"

పద్నాలుగో నిబంధన ప్రకారం రాజకీయాలు, ఆయుధాలు, సొంత ఇంటి ధర గ్రూపులో ప్రస్తావించినవారిని కుటుంబంతో సహా తొలగిస్తారు. (మూడోదాని మీద ఒకసారి చెయ్యి చేసుకునేదాకా వచ్చింది. మొదటి రెండూ నిండుదనం కోసం చేర్చారు.)

"మిమ్మల్ని తీసేస్తే నన్నూ తీసేస్తారండీ. నా గోంగూర పచ్చడి ఆర్డర్లన్నీ అందులోనే వస్తున్నాయి," అని ఆమె మరోసారి హెచ్చరించారు.

చక్రపాణి గారు నిబంధనలకు లోబడి ఇలా రాశారు: "మిత్రులకు నమస్కారం. డై కొనాలనుకుంటున్నాను. ఇదే మొదటిసారి. చవకరకం చాలా, ప్రీమియం తీసుకోవాలా? వెంట్రుకవాసి తేడా కూడా రాకూడదు."

స్పందన అపూర్వం. "ప్రీమియమే తీసుకోండి. చవకది రెండు వాష్‌లకే తేడా చూపిస్తుంది," అన్నారొకరు. ఇత్తడి కడగడం గురించి ఇంత తెలిసినవాళ్ళు ఊళ్ళో ఉన్నారా అని చక్రపాణి గారు పొంగిపోయారు. "ముందు కాస్త నూనె రాయడం మరిచిపోకండి," అన్నారు సుమతి గారు. ఆయనకు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళూ తానొక్కడే అనుకున్నారు. ఇంతలో సమితి అధ్యక్షులు దివాకర్ గారి సందేశం వచ్చింది: "చెవి వెనక కొంచెం పూసి ఒకరోజు ఆగండి. దురద రాకపోతే ధైర్యంగా వాడొచ్చు."

చెవి వెనక అన్న మాట దగ్గర చక్రపాణి గారు చాలాసేపు ఆగిపోయారు. ఆ తర్వాత, "క్షమించాలి, ఇది జుట్టుకు కాదు," అని రాశారు.

దివాకర్ గారు విడిగా ఫోన్ చేసి గొంతు తగ్గించి అడిగారు. "మీసానికాండీ?"

చక్రపాణి గారు నిజం చెబుదామనే నోరు తెరిచారు. వంటింటి గడపలో ఛాయాదేవి గారు పచ్చడి సీసా పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన నోరు మూసుకున్నారు. ఆ మౌనాన్ని దివాకర్ గారు అంగీకారంగా స్వీకరించారు.

ఇన్నాళ్ళూ తెల్లజుట్టుతో దర్జాగా తిరిగిన మనిషికి ఇప్పుడు డై ఎందుకు కావాలి అని సుమతి గారు గ్రూపులో అనుమానం రేపారు. ఇంటర్వ్యూలకు, అని సమితి తేల్చింది. ఆ సాయంత్రమే ఉద్యోగ భద్రతా ఉపసంఘం జూమ్‌లో అత్యవసరంగా సమావేశమైంది.

"నా ఉద్యోగానికేం కాలేదండీ. బాగానే ఉంది," అన్నారు చక్రపాణి గారు.

"అందరూ ముందు అలాగే అంటారండీ," అన్నారు దివాకర్ గారు ఎంతో ఆప్యాయంగా. "మా ముందు మొహమాటం దేనికి? మీ రెజ్యూమె ఎప్పుడో పిక్నిక్ అప్పుడు పంపించారుగా, అది నా దగ్గరే ఉంది."

సభ్యులు ఆ రెజ్యూమెను తెలిసిన కంపెనీలన్నిటికీ పంపారు. ఉత్సాహంలో ఆయన పనిచేస్తున్న కంపెనీకి కూడా పంపారు. అక్కడ సరిగ్గా ఆయన చేస్తున్నటువంటి ఉద్యోగమే ఒకటి ఖాళీగా ఉంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆ దరఖాస్తును పరిశీలించి, అభ్యర్థి ఈ పనికి తగడని తిరస్కరించి, నకలు ఒకటి మేనేజరుకు పంపింది.

మేనేజరు తేజేశ్వర్ వరంగల్ కుర్రాడు. చక్రపాణి గారి కంటే చాలా చిన్న. ఆయనంటే గౌరవం. సోమవారం కెమెరా ఆన్ చేసి కాసేపు కీబోర్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"అన్నా, ఏమనుకోకు. రీ-ఆర్గ్ నడుస్తుంది. టీమ్‌ల నుంచి తీసేయనీకి ఒక పేరు ఇయ్యమన్నరు. నాకు నిద్ర పట్టలే. గప్పుడే నీ రెజ్యూమె వచ్చింది. ఎట్లాగూ పోతున్నడు కదా, నీ పేరిస్తే ఎవ్వరికీ నష్టం ఉండదనుకున్న."

"నేను పోవడం లేదు తేజేశ్వర్. ఆ రెజ్యూమె నేను పంపలేదు."

"గ్రూపుల నేను గూడ ఉన్న అన్నా. డై మెసేజ్ చూసిన."

ఒక్క మాటతో అంతా తేలిపోతుంది. ఆ డై నెత్తికి కాదు, రైఫిల్ తూటాలకు అంటే చాలు. కానీ ఉద్యోగంలోంచి తీసేస్తున్న కాల్‌లో, పక్కన హెచ్‌ఆర్ వాళ్ళు కూడా వింటుండగా, ఏ మాట అనవచ్చో ఏది అనకూడదో తెలిసినంత లోకజ్ఞానం ఆయనకుంది. ఇన్నేళ్ళ అమెరికా జీవితంలో ఆయన సంపాదించినదాంట్లో అన్నిటికంటే విలువైనది అదే.

"జుట్టుకే," అన్నారాయన మెల్లగా.

"ప్రీమియం తీస్కో అన్నా," అన్నాడు తేజేశ్వర్ మనస్ఫూర్తిగా. "గిప్పటి కెమెరాలల్ల అన్నీ కనిపిస్తయ్."

వయసు విషయంలో కంపెనీ ఎలాంటి వివక్షా చూపదని హెచ్‌ఆర్ అమ్మాయి చదివి వినిపించి, వినిపించినట్టు ఆయనచేత ఒప్పించింది.

ఆ విధంగా నిపుణుల వీడియోలు తేల్చలేని సమస్య తేలిపోయింది. చక్రపాణి గారు ఉక్కు డై చవకది కొన్నారు. అది భేషుగ్గా పనిచేస్తోంది. తూటాలు ఇదివరకటిలాగే కాగితం పక్కనుంచి వెళుతున్నాయి. ఇంటర్వ్యూల కోసం జుట్టు డై మాత్రం ఛాయాదేవి గారు ప్రీమియం తెచ్చి, తానే నూనె రాసి, చెవి వెనక పూసి, దురద రాలేదని నిర్ధారించుకుని వేశారు. అద్దంలో చూసుకుని ఆయన ఎవరినో పలకరించబోయి ఆగిపోయారు.

"బాగానే ఉన్నారండీ," అన్నారు ఆమె.

ఈ ప్రశ్న తన కృషి వల్లనే సంపూర్ణంగా పరిష్కారమైందని సమితి వార్షిక నివేదికలో ప్రకటించుకుంది. కాదనడానికి వీల్లేదు. వేసవి వెళ్ళేలోపు చక్రపాణి గారికి ఇంకో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆయన పదేళ్ళు చిన్నగా కనిపిస్తున్నారని అక్కడ అందరూ మెచ్చుకుని, జీతం కూడా పదేళ్ళ కిందటిదే ఇచ్చారు.