ఏడో వార్డులో చెకింగ్

మంగళవారం ఉదయం ల్యాబులో పనిచేసే రుబీనా వేసుకున్న ప్లాను చిన్నదే. ఏడో వార్డులో కుళాయిలు, మంచాల పట్టీలు, తలుపు పిడులు దూది పుల్లలతో తుడవాలి. ఆ పుల్లల్ని గాజు పళ్లేల్లో రాసి, మొలిచిన సూక్ష్మజీవుల మీద యాంటీబయాటిక్ బిళ్లలు పెట్టాలి. ఏది ఏ మందుకు చస్తుందో, ఏది మొండికేస్తుందో తేల్చాలి. గల్ఫ్‌లో హిద్ అనే ఊరి దగ్గరి ఆ ప్రైవేటు ఆస్పత్రిలో అదే మొదటి సర్వే. అది సవ్యంగా చేస్తేనే ఆమె వీసా పొడిగిస్తామని ల్యాబు పెద్ద డాక్టర్ అమ్మిరాజు ముందే చెప్పాడు.

ఆ ప్లాను సంగతి వార్డు ఊడ్చే వెంకటికి కూడా చెప్పింది. అదే పొరపాటు.

జగిత్యాల నుంచి వచ్చిన వెంకటి ఏళ్లుగా కూలీల క్యాంపులో ఉంటున్నాడు. ఎవరో చూడ్డానికి వస్తున్నారంటే క్యాంపులో దానికి ఒకటే అర్థం: చెకింగ్. చెకింగ్ అంటే ముందే కడిగి పెట్టాలి. రుబీనా పుల్లలు పట్టుకుని వచ్చేసరికి వార్డంతా ఫినాయిల్ వాసన గుప్పుమంటోంది.

"మేడం, మీ ఇజ్జత్ నా ఇజ్జత్. ఒక్క పురుగు దొరికినా నా పేరు వెంకటి కాదు" అన్నాడు.

ఎంత కడిగినా ఎక్కడో ఒకచోట ఉంటాయిలే అనుకుంది రుబీనా. మర్నాడు చూస్తే ఒక్క పళ్లెంలోనూ ఏమీ మొలవలేదు.

అమ్మిరాజు కళ్లద్దాలు తీసి, ఊదారంగు టై కొసతో తుడుచుకుని మళ్లీ చూశాడు. అది లండన్ సిల్కు. నీళ్లు తగలకూడదని కొన్ననాటి నుంచీ ఉతికించలేదు.

"ఏమ్మా, అసలు వార్డుకెళ్లావా, క్యాంటీన్లో కూర్చుని ఉత్త పుల్లలు గీకేశావా?"

"వెంకటి భాయ్ మొత్తం కడిగిండు సార్!"

"కాకమ్మ కబుర్లు చెప్పకు. రేపు నేనే తీస్తాను. నా పళ్లేల్లో మొలిచాయా, నువ్వు హైదరాబాద్ విమానం ఎక్కడమే."

రుబీనా వార్డుకు పరుగెత్తింది. ఇప్పుడు ఆమెకు కావలసింది సూక్ష్మజీవులు కాదు, అవి లేకపోవడం.

"వెంకటి భాయ్, నీకు దండం పెడ్తా. రేప్పొద్దున మళ్ల కడుగు."

"మళ్ల చెకింగా? ఫికర్ చెయ్యకుండ్రి మేడం. మా క్యాంపోళ్లను దింపుతా."

పొద్దున్నే క్యాంపు మనుషులు బకెట్లతో దిగారు. రోగులు మంచాలతో సహా వరండాలోకి వచ్చారు. హెడ్ నర్సు వీరలక్ష్మి గుండెలు బాదుకుంది.

"ఏంటయ్యా ఈ ఘోరం? రోగుల్ని బయట పడేసి గోడలు కడుగుతారా?"

"పెద్ద చెకింగ్ ఉన్నది సిస్టర్. ఏ మందుకూ చావని పురుగు కోసం ఎతుకుతున్నరట."

కాలికి కట్టుతో పడుకున్న డ్రైవర్ షఫీఖ్ ఆ మాట విన్నాడు. "యా అల్లా! నేను కాలు విరిగి వచ్చిన్రా భాయ్, చావనీకి రాలే" అంటూ కుంటుకుంటూ టాక్సీ ఎక్కాడు. అతన్ని చూసి పక్క మంచం, దాన్ని చూసి ఆ పక్క మంచం లేచాయి. అమ్మిరాజు వచ్చేసరికి ఏడో వార్డులో దిండ్లు మాత్రమే మిగిలాయి.

ఖాళీ వార్డులోనే ఆయన పని మొదలుపెట్టాడు. తుడిచిన ప్రతి పుల్లనీ బల్ల మీది పళ్లెంలోకి వంగి మరీ రాశాడు.

మర్నాడు అన్ని పళ్లేల్లోనూ దట్టంగా మొలిచింది. బిళ్లలు పెట్టి చూస్తే ఏ మందుకూ లొంగలేదు.

"చూశావా? పుల్ల పట్టడం కూడా చేతకాదు నీకు. ఇక సామాను సర్దుకో" అన్నాడు అమ్మిరాజు.

రుబీనా కళ్లనీళ్లతో అమ్మిరాజు రాసిన పళ్లేలను చివరిసారి చూసింది. పుల్ల రాసిన గీతల మీద ఏమీ లేదు. మొలిచిందంతా ఒక అంచున, కోసుగా, త్రిభుజంలా ఉంది. ప్రతి పళ్లెంలోనూ అదే త్రిభుజం. తలెత్తింది. అమ్మిరాజు మెడ నుంచి ఊదారంగు త్రిభుజం ఒకటి వేలాడుతోంది.

"సార్, ఒక్కసారి మీ టై ఇస్తరా?"

దాని కొసను కొత్త పళ్లేనికి అద్దింది. ఒక్క రోజులో అచ్చు గుద్దినట్టు అదే త్రిభుజం మొలిచింది.

"నివేదికలో పేరు అక్కర్లేదనుకుంటానమ్మా..." అన్నాడు అమ్మిరాజు గొంతు తగ్గించి.

"వద్దు సార్. 'ఒక వస్త్రం' అని రాస్త."

ఆ వారమే వీసా పొడిగింపు వచ్చింది. నివేదిక మీద సంతకం పెట్టే ముందు అమ్మిరాజు కళ్లద్దాలు తీసి, బోసి మెడ తడుముకుని, మసకగానే సంతకం పెట్టాడు.