వెనక మెట్ల తలుపు

అలారం మోగిన మరుక్షణం వెనక మెట్ల తలుపుకు దానంతటదే తాళం పడుతుందని ఆ ముద్రణాలయం రెండో అంతస్తులో అందరికీ తెలుసు. పూర్వం అలా చిక్కుకుని కొందరు పోయారట. ఎవరు పోయారని అడిగితే పేర్లు తెలియవు. ఎలా పోయారన్నది మాత్రం ప్రతివారూ కళ్లారా చూసినట్టు చెబుతారు. అందుకే మంటలార్పే ఎర్ర సిలిండర్‌ను అడ్డుపెట్టి, ఆ తలుపును ఎల్లవేళలా బార్లా తెరిచి ఉంచేవారు. అది మూసి ఉండగా చూసినవారే లేరు గనుక, నమ్మకాన్ని పరీక్షించే అవకాశం ఎవరికీ రాలేదు.

సిలిండర్ అడ్డుపెట్టే బాధ్యత స్టోర్ కీపర్‌ది. ఫైర్ మార్షల్ పదవి కూడా కొత్తగా అతనికే వచ్చింది. ఆ ఉదయం శిక్షకుడు వస్తాడు, అగ్నిప్రమాద డ్రిల్ జరిపిస్తాడు, టీ వేళకు అంతా ముగుస్తుంది. అదీ ప్రణాళిక.

"గంట మోగగానే అందర్నీ ముందు మెట్ల మీదుగా పంపండి. గదులన్నీ చూడండి. ఎవరైనా మిగిలితే వెంటబెట్టుకుని, దగ్గరున్న దారిలో దిగిపోండి. అంతే," అన్నాడు శిక్షకుడు.

పరీక్షకు గాయపడిన మనిషి ఒకరు కావలసి వచ్చింది. బైండింగ్ విభాగంలో పనిచేసే స్టోర్ కీపర్ అక్కకు మోకాళ్ల నొప్పులు. నటించే శ్రమ ఉండదని ఆమెనే ఎంపిక చేశారు.

"బల్ల కింద పడుకుంటే నన్ను లేపేదెవరు?"

"నేనే అక్కా. మార్షల్‌ని కదా."

"చిన్నప్పుడు నువ్వు గోడెక్కితే దింపింది నేను. మార్షలట, మార్షల్."

శిక్షకుడు కిందికి వెళ్లబోతూ నేలమీది సిలిండర్‌ను చూశాడు. దాన్ని గోడ కొక్కేనికి తగిలించి, వెనక మెట్లు దిగిపోయాడు. అతని వెనక తలుపు మెల్లగా మూసుకుంది. ఎవరూ గమనించలేదు.

గంట మోగింది. ఉన్న పని ఉన్నట్టే వదిలి అందరూ వరుసగా దిగారు. క్రమశిక్షణ ఎంతటిదంటే, జిగురు కాగుతున్న హీటర్ స్విచ్ వైపు ఒక్క చెయ్యీ చాపలేదు. జిగురు పొంగి, పక్కనున్న కాగితపు ముక్కల మీద పడి అంటుకుంది.

"పొగ కూడా ఏర్పాటు చేశారే. అచ్చం నిజం పొగలా ఉంది," అని కిందనున్నవారు మెచ్చుకున్నారు.

"నేనేం పెట్టలేదే," అంటూ శిక్షకుడు పరుగందుకున్నాడు.

పైన స్టోర్ కీపర్ బల్ల కిందికి వంగాడు. "అక్కా, లే. నిజంగానే అంటుకుంది."

"నీ పరీక్ష కోసం నా దగ్గర నాటకాలా? ఎత్తుకో, మార్షల్‌వి కదా." అంతలో పొగ ఆమెను చేరింది. దగ్గు ఆ వాదనను ముగించింది.

ముందు దారి మంటల్లో ఉంది. ఆమెను భుజానికి ఆనించుకుని వెనక్కి నడిపించాడు. మూసిన తలుపును చూడగానే ఇద్దరి కాళ్లూ ఆగిపోయాయి.

"పడింది తాళం," అంది అక్క.

అతను సిలిండర్ అందుకున్నాడు. మంటవైపు తిప్పలేదు, దానితో కిటికీ అద్దం పగలగొట్టి కేకలు వేశాడు. లోపలికి వచ్చిన కొత్త గాలి మంటకు ఎంతో ఉపకరించింది. అక్క తలుపు పక్కనే కూలబడింది. అతను తన మార్షల్ జాకెట్టు విప్పి ఆమె ముక్కుకు అడ్డుపెట్టాడు.

"నువ్వు దూకెయ్యరా. నా మోకాళ్లు దూకేవి కావు."

"నువ్వు లేకుండా ఇంటికెళ్లి బావకు ఏం చెప్పను?"

"తాళం పడిందని చెప్పు." ఆమె తల పక్కకు వాలింది.

తలుపు తెరుచుకుంది. మెట్ల మీద శిక్షకుడు రొప్పుతూ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కలిసి ఆమెను కిందికి చేర్చాక శిక్షకుడు ఒక్క మాటే అడిగాడు: "నెట్టి చూశారా?"

స్టోర్ కీపర్ మసిబారిన జాకెట్టును మడిచి అక్క తల కింద పెట్టాడు.

అక్క బతికింది. గొంతు మాత్రం మునుపటిలా రాలేదు. ఆ బొంగురు గొంతుతోనే, ఆస్పత్రికి వచ్చినవారందరికీ తాళం ఎలా పడిందో, శిక్షకుడు తన దగ్గరున్న మారుతాళంతో ఎలా తీశాడో ఆమె వివరించింది. ఇప్పుడు ఆ ముద్రణాలయంలో కొత్తగా చేరినవారికి మొదట చెప్పేది ఆ మారుతాళం సంగతే.

ఆ తలుపుకు తాళం లేదు, గడియ లేదు, తాళంచెవి దూర్చే రంధ్రమూ ఏనాడూ లేదు.