కెమెరా పొరబడదట!

ఆ ఉదయం కోడలి ఆలోచన చాలా చిన్నది. ప్రయోగశాలకు వెళ్ళి, నెలల తరబడి చంటిపిల్లల్లా సాకుతున్న కణాలను ఒకసారి పలకరించి, పెందలాడే ఇంటికి వచ్చేయాలి. చెప్పుల్లో కాళ్ళు పెట్టేసరికి అత్తగారు అడ్డం వచ్చింది, అప్పుడే అల్లడం ముగించిన స్వెట్టరుతో. వీధి మొదట్లో నిలబడితే చివరి ఇంటికి కనిపించేంత పసుపు.

"ఆ ఏసీలో బిగుసుకుపోతావు, వేసుకో."

"సాయంత్రం వేసుకుంటాను అత్తయ్యా."

"సాయంత్రం ఎవరు చూస్తారు?"

ఆ ఇంట్లో చివరి మాట అత్తగారిదే. స్వెట్టరు ఎంత మందంగా ఉందంటే, దాని మీద ప్రయోగశాల తెల్లకోటు బొత్తాలు పడలేదు.

కణాలు గాజు తలుపున్న వెచ్చటి పెట్టెలో, సీసాల్లో, ఎర్రటి ద్రవంలో పెరుగుతున్నాయి. ద్రవం పులిస్తే పసుపుకు తిరుగుతుంది, క్షారం ఎక్కువైతే గులాబీకి. దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి కొత్తగా ఒక కెమెరా వచ్చింది. సీసా ముట్టుకోకుండా, తలుపైనా తియ్యకుండా, గాజులోంచే రంగు చూసి పులుపెంతో చెబుతుంది. తేడా వస్తే కూత పెడుతుంది. "కళ్ళు పొరబడతాయి, కెమెరా పొరబడదు" అన్నది డైరెక్టరు గారి తారకమంత్రం.

కోడలు తలుపు ముందు వంగిందో లేదో, కెమెరా కూసింది. తెరమీద 'ఆమ్లం'. ఆమె ఇంకా దగ్గరికి వంగింది. అది ఇంకా గట్టిగా కూసింది. సీసాలు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

పరుగున వెళ్ళి డైరెక్టరు గారికి చెప్పింది. ఆయన తన గదిలో ఆ కెమెరాకే కలిపిన తెర చూసి, "బాగానే ఉందిగా! పీడకలేమైనా వచ్చిందా?" అన్నారు. ఇద్దరూ కలిసి వచ్చారు, ఆమె ముందు, ఆయన వెనక. కెమెరా గుక్కపట్టి కూసింది.

"నా కంటికి ఎర్రగానే ఉన్నాయి సార్."

"అంత డబ్బు పోసి కొన్నది నీ కన్ను కాదమ్మా. తెగులేదో పట్టినట్టుంది. సాయంత్రంలోగా దారికి రాకపోతే అన్నీ పారబోయడమే."

పారబోస్తే ఇన్నాళ్ళ సాకుడూ మళ్ళీ మొదటికి వస్తుంది. అక్కణ్ణుంచి ఆమె కదిలితే ఒట్టు.

గ్యాసు మెకానిక్‌ను పిలిచారు. పెట్టెలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ వెళ్ళినా ద్రవం పులుస్తుంది. అతను కాస్త తగ్గించాడు. కోడలు వంగి చూసింది. కూత. ఇంకాస్త తగ్గించాడు. వంగింది. కూత.

"అమ్మా, దీనికి మీమీద పాతకక్షలేమైనా ఉన్నాయా?" అన్నాడు మెకానిక్.

మధ్యాహ్నం దాటాక ఆమె మరోసారి వంగింది. కూత లేదు. తెరమీద 'సరిగ్గా ఉంది'.

డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. "చూశావా? నీ కన్నునే నమ్ముకుని ఉంటే ఏమయ్యేది?"

ఆ సంతోషంలో, పొద్దుట్నుంచీ పట్టిన చెమటకు ఓర్చుకోలేక, కోడలు స్వెట్టరు విప్పేసింది. కెమెరా గావుకేక పెట్టింది. 'క్షారం!'

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఆమె అనుమానంగా స్వెట్టరును ఎత్తి ఎదురుగా పట్టుకుంది. నిశ్శబ్దం. దించింది. కేక.

"ఏదీ, మళ్ళీ పట్టుకో," అన్నారు డైరెక్టరు గారు నీరసంగా.

గాజు తలుపు నిండా స్వెట్టరు పసుపే మెరుస్తోంది. కోడలు దాన్ని అవతల పడేసి, సొంత కంటితో సీసాలు చూసింది. పొద్దున నిక్షేపంలా ఎర్రగా ఉన్న ద్రవం, ఇంతసేపు చేసిన వైద్యానికి నిజంగానే గులాబీకి తిరిగింది. ఆ గులాబీకి స్వెట్టరు పసుపు తోడై, కెమెరా కంటికి చక్కటి ఎరుపైంది.

"గ్యాసు ఎప్పటిలా పెట్టెయ్యండి," అంది ఆమె, ఎవరి అనుమతీ అడక్కుండా. సాయంత్రానికి సీసాలు ఎర్రబడ్డాయి. కణాలు దక్కాయి. బయల్దేరుతుంటే డైరెక్టరు గారు గొంతు తగ్గించి, "ఆ స్వెట్టరు ఎవరు అల్లారమ్మా?" అని అడిగారు.

ఇంటికి రాగానే అత్తగారు ఎదురొచ్చింది. "స్వెట్టరు చూసి ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ముందు కెమెరా అంది అత్తయ్యా, తర్వాత అందరూ అన్నారు. మా డైరెక్టరు గారు తనకూ ఒకటి అల్లిపెట్టమన్నారు."

అత్తగారి మొహం విప్పారింది. "ఇదే పసుపా?"

"కాదట. ఎరుపట."

కొన్నాళ్ళకు కెమెరా పనితీరు పరీక్షించడానికి తనిఖీ బృందం వచ్చింది. ఆ రోజంతా కెమెరా కిక్కురుమనలేదు, డైరెక్టరు గారూ దాని ముందునుంచి కదలలేదు.