ఇంకో సైజు పెద్దది

“అది పేలితే?” అంది ఆవిడ.

అప్పటికి ఆ ఇంట్లో పేలడానికి ఏమీ లేదు. భోజనాల బల్ల మీద నాలుగు కప్పులు, మధ్యలో కాఫీ గిన్నె, చుట్టూ నలుగురు మనుషులు, అంతే. ఇంట్లోకి ఒక ఎస్‌ప్రెస్సో కాఫీ యంత్రం కొనుక్కుంటే ఎలా ఉంటుందని ఇంటి యజమాని నోరు తెరిచాడు. ఆ నోరు మూతపడేలోగా ఆయన భార్య పై ప్రశ్న వేసింది.

ఇందులో వింతేమీ లేదు. ఆవిడకు ఇంట్లో వాతావరణ కేంద్రం అని పేరు. ఎవరు గడప దాటినా ఒక హెచ్చరిక జారీ అవుతుంది. లిఫ్టు మధ్యలో ఆగిపోతుందేమో, బస్సుకు బ్రేకులు పడవేమో, ఆ తుమ్ము ఒట్టి జలుబుదేనో కాదో! ఆవిడ చెప్పినవేవీ ఇంతవరకు జరగలేదు. అవి జరగకుండా ఆపింది తన హెచ్చరికలేనని ఆవిడ నమ్మకం. కాదని రుజువు చేయడానికి ఎవరి దగ్గరా ఆధారాల్లేవు.

భర్త తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. దుకాణాల్లో కిలో రాయి నిజంగా కిలో ఉందో లేదో చూడటం ఆయన ఉద్యోగం. కూతురు బీమా కంపెనీ ప్రమాదాల విభాగంలో, తన గది తలుపు వేసుకుని ఇంట్లోంచే పనిచేస్తుంది. అత్తగారికి చెవులు మందం, తనకు అక్కర్లేని మాటల వరకు మాత్రమే.

“మా దగ్గరికి కాఫీ యంత్రం పేలిన కేసు ఒక్కటీ రాలేదమ్మా” అంది కూతురు.

“కేసు పెట్టడానికి ఎవరైనా మిగిలుంటేగా!” అంది తల్లి.

అయినా ఆవిడ అసలు భయం పేలుడు కాదు. అది పైకి చెప్పుకోదగ్గ భయం కాబట్టి చెప్పింది. లోపలి భయం వేరు. పొద్దున్నే ఆవిడ గిన్నెలో కాఫీ కాచి బల్ల మధ్య పెట్టేది. నలుగురూ చుట్టూ చేరేవారు. ఆయన నిన్న పట్టుకున్న దొంగ తూకాల గురించి చెప్పేవాడు. కూతురు ఎవరి కారు ఎవరి గోడలోకి దూరిందో చెప్పేది. అత్తగారు రాత్రంతా కునుకు పట్టలేదని చెప్పేది, ఆ కునుకు పట్టని రాత్రి వచ్చిన కలలతో సహా. పావుగంట గడిచాక ఎవరి దారి వారిది. మళ్ళీ ఆ నలుగురూ ఒక్కచోట కనబడేది మర్నాడే. రోజంతటికీ సరిపడా భయాలను ఆవిడ ఆ పావుగంటలోనే సమకూర్చుకునేది. ఎవరి గొంతు బొంగురుగా ఉంది, ఎవరి కళ్ళు ఎర్రబడ్డాయి, ఎవరు సగం చెప్పి ఆగిపోయారు... ఇవి తెలియకపోతే దేనికి భయపడాలో తెలిసేది కాదు. అంతకు మించిన భయం ఇంకేముంటుంది?

యంత్రం కొనడానికి కారణం మాత్రం పూర్తిగా శాస్త్రీయమైనది. కింది అంతస్తు పళ్ళ డాక్టరుగారింటికి ఒక పెద్ద అట్టపెట్టె చేరడం ఇన్‌స్పెక్టరుగారు మెట్ల మీద స్వయంగా చూశారు.

వెంటనే అధ్యయనం మొదలైంది. కూతురు ఫోను వీడియోల్లో ఒక గడ్డపాయన్ని కనిపెట్టింది. యంత్రాలన్నిటినీ విప్పి, కాచి, వడబోసి చూసిన మహానుభావుడాయన. పొద్దున బల్ల దగ్గర ఫోను నిలబెట్టేవారు. ఆయన మాట్లాడుతుంటే మిగతావారు వినేవారు. కొన్నాళ్ళలోనే ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి ఆయనే అయ్యాడు. యంత్రం ముఖ్యం కాదు, గింజలు పొడిచేసే గ్రైండరు ముఖ్యమని మొదట చెప్పాడు. తర్వాత గ్రైండరు కాదు, నీళ్ళు ముఖ్యమన్నాడు. చివరికి నీళ్ళూ కాదు, చెయ్యి ముఖ్యమని తేల్చాడు.

“చెయ్యి మన దగ్గరుందిగా” అంది ఆవిడ, కాస్త ఆశగా.

“ఉంటే సరిపోతుందా అమ్మా? దానికి శిక్షణ కావద్దూ?”

ఆ శిక్షణ కూడా జరిగింది. పొడిని ఎంత బలంగా అదమాలో చేతికి తెలియాలని ఇన్‌స్పెక్టరుగారు బరువు చూసుకునే మిషను తెచ్చి బల్ల మీద పెట్టి, దాన్ని పిడికిలితో నొక్కడం సాధన చేశారు. ముల్లు వణక్కుండా అనుకున్న అంకె మీద నిలబడిన రోజు కూతురు చప్పట్లు కొట్టింది. అత్తగారు మాత్రం ఆ అంకె చూసి కొడుకు బరువు మరీ అంతకు పడిపోయిందేమోనని కంగారుపడింది.

“ఇంతకీ ఆ కాఫీ మీలో ఎవరైనా తాగారా?” అని వాతావరణ కేంద్రం ఒకరోజు అడిగింది.

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాగలేదు. ఎవరూ, ఎక్కడా, ఒక్క గుక్క కూడా తాగలేదు. ఇంత విషయ పరిజ్ఞానం ఉన్నప్పుడు దాని అవసరం ఎవరికీ కలగలేదు.

“రుచి మనిషి మనిషికీ మారుతుంది. దాన్ని ప్రాతిపదికగా తీసుకోకూడదు” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు, ఆఫీసులో ఫైలు మూసే గొంతుతో.

అయినా ఆవిడ పట్టుబట్టడంతో క్షేత్ర పరిశీలన కోసం అందరూ పళ్ళ డాక్టరుగారింటికి దిగారు. యంత్రం హాల్లో సోఫాకు ఎదురుగా, టీవీ ఉండాల్సిన చోట మెరిసిపోతూ ఉంది. దాని మీద వేలిముద్ర కూడా లేదు.

“ఎలా ఉందండీ?” అని అడిగారు ఇన్‌స్పెక్టరుగారు.

డాక్టరుగారు భార్య వైపు చూశారు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

“అద్భుతం!” అన్నారు డాక్టరుగారు. “కాకపోతే మీరు ఇంకో సైజు పెద్దది తీసుకోండి.”

నీళ్ళు తాగే నెపంతో ఇన్‌స్పెక్టరుగారి భార్య వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద తువ్వాలు కప్పిన గిన్నె ఒకటి ఉంది. చెయ్యి ఆనిస్తే ఇంకా వెచ్చగా ఉంది. తువ్వాలు కొస ఎత్తితే ఆవిడకు చిన్నప్పటి నుంచీ తెలిసిన కాఫీ వాసన వచ్చింది. డాక్టరుగారి భార్య గుమ్మంలో నిలబడి చూసింది. ఈవిడ తువ్వాలు మళ్ళీ నీటుగా కప్పింది.

దుకాణానికి వెళ్ళేసరికి అభిప్రాయాలు స్థిరపడి ఉన్నాయి. టై కట్టుకున్న కుర్రవాడు ఆవిణ్ణి చూసి చేతులు జోడించినంత పనిచేశాడు.

“మేడమ్, మీరు యంత్రం కొనడం లేదు. ఒక ఉదయాన్ని కొంటున్నారు!”

“ఉదయం మా ఇంట్లో ఉంది బాబూ” అంది ఆవిడ. “ముందు ఒక కప్పు తాగించు.”

అది కుదరలేదు. నీళ్ళు పోస్తే యంత్రాలు పాడవుతాయని దుకాణంలో ఏ యంత్రానికీ నీళ్ళు పెట్టలేదు. ఈ జాగ్రత్తకు ఇన్‌స్పెక్టరుగారు ముగ్ధులయ్యారు. లోపల ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి నాలుగింతలని కుర్రవాడు గర్వంగా చెప్పాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, కూతుర్ని కూడా చెయ్యి పట్టి లాగింది.

“ఒకసారికి ఎన్ని కప్పులొస్తాయి?” అని దూరం నుంచే అడిగింది.

“ఒక్కటే మేడమ్. అదే దీని గొప్పతనం. ప్రతి కప్పూ ప్రత్యేకం.”

“అయితే నాలుగోది వచ్చేసరికి మొదటిది చల్లారదూ? అందరం కలిసి తాగేదెప్పుడు?”

కుర్రవాడు ఇన్‌స్పెక్టరుగారి వైపు చూశాడు. ఆయన కూతురి వైపు, కూతురు ఫోను వైపు చూశారు. గడ్డపాయన ఈ ప్రశ్నను ఎక్కడా ప్రస్తావించలేదు. కాబట్టి అది సరైన ప్రశ్న కాదని తేలిపోయింది. ఇంకో సైజు పెద్దది తీసుకున్నారు.

పెద్దది కావడంతో అది వంటింటి గట్టు మీద, పై అలమర కింద పట్టలేదు. అలమరను కోశారు. కోసిన అలమరలోని డబ్బాలు అత్తగారి మంచం కిందికి చేరాయి. అప్పుడు యంత్రం పట్టింది కానీ గ్రైండరు తిరిగితే గట్టు అదిరింది. ఇంట్లో కదలకుండా నిలిచేది భోజనాల బల్ల ఒక్కటే. కనుక యంత్రం బల్లెక్కింది, పక్కన గ్రైండరు, దాని పక్కన గ్రాముల త్రాసు. నాలుగు కుర్చీలనూ గోడ వారగా వరసగా వేశారు. పళ్ళ డాక్టరుగారి వెయిటింగ్ రూములో ఉన్నట్టే చాలా హుందాగా కుదిరింది.

ప్రారంభోత్సవానికి డాక్టరు దంపతులు పరిశీలకులుగా విచ్చేశారు. ఇన్‌స్పెక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

“ఇంతకాలం ఈ ఇంట్లో కాఫీ అంచనా మీద నడిచింది. ఒక గుప్పెడు పొడి, ఒక కంటి చూపు, ఒక ‘చాల్లే’. చెప్పడానికి బాధగా ఉంది, కొలతల శాఖలో పనిచేసే నేను కూడా ఆ అక్రమ కాఫీనే తాగాను. ఆ చీకటి రోజులు నేటితో ముగిశాయి!”

చప్పట్లు మోగాయి. అక్రమాలకు పాల్పడిన వ్యక్తి కూడా గోడవార నిలబడి చప్పట్లు కొట్టింది. ఎవరూ కాలకుండా ఉంటే చాలని అప్పటికి ఆవిడ ప్రార్థన.

యంత్రం మూలిగింది, ఈలవేసింది, వణికింది. పేలలేదు. అంత ఆర్భాటం తర్వాత గుడ్డు పట్టేంత కప్పులో సగానికి, నల్లగా, చిక్కగా ఏదో దిగింది. ఒకరి తర్వాత ఒకరు కప్పులందుకుని గోడవార కుర్చీల్లో కూర్చున్నారు. చప్పరించారు. పళ్ళు పీకినట్టు మొహాలు ఒక్క క్షణం మారి, మళ్ళీ యథాస్థానానికి వచ్చాయి.

“అద్భుతం!” అన్నారు డాక్టరుగారు, అనుభవజ్ఞులు కనుక అందరికంటే ముందు.

“అద్భుతం” అంది కూతురు. “అద్భుతం” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

అత్తగారు ఖాళీ కప్పు తిరిగి ఇచ్చేస్తూ, “రోజుకెన్నిసార్లు వేసుకోవాలి అమ్మాయ్? తిన్నాకా, తినకముందా?” అని అడిగింది.

మర్నాటి నుంచి ఇల్లు కొత్త విధానంలో నడిచింది. పొద్దున ఇన్‌స్పెక్టరుగారు తూచి, అదిమి, తన కప్పు తాను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళేవారు. అక్కడి పూలకుండీలో మొక్క వారంలో మాడిపోయింది. కూతురు తన కప్పు ఫొటో తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. కూర్చోవడానికి కుర్చీ లేదు, పెట్టుకోవడానికి చోటు లేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరే వంటింట్లోకి రావడం మొదలుపెట్టారు.

“కొంచెం మన పాత కాఫీ ఉందా?” అనేవాడు భర్త, గొంతు తగ్గించి. “పాపకు చెప్పకు. అంత కష్టపడి వెతికింది పిచ్చిది.”

“అమ్మా, ఒక్క కప్పు” అనేది కూతురు, ఆయన అటు వెళ్ళగానే. “నాన్నకు తెలియనివ్వకు. ఎంత సరదాపడ్డారో!”

“వాడి మనసు నొచ్చుకుంటుంది, అరవకు” అని అత్తగారు ఇల్లంతా వినబడేలా అనేది. “గిన్నె కాఫీ ఇలా పట్రా.”

ఆవిడ మూడుసార్లు పొయ్యి వెలిగించి, మూడుసార్లు గిన్నె కడిగి, తువ్వాలు కప్పేది. ముగ్గురూ నిలబడే, గబగబా, దొంగల్లా తాగి వెళ్ళేవారు. ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. ఆయన ఏ దుకాణంలో ఎవరితో గొడవపడ్డాడో, పాప రాత్రి ఎందుకు నిద్రపోలేదో తెలియడం లేదు. ఆవిడకిప్పుడు వేటికి భయపడాలో తెలియక, అన్నిటికీ భయపడాల్సి వస్తోంది.

పైనుంచి మాత్రం రోజూ చప్పుడు వినబడేది. పై అంతస్తులో సంగీతం టీచరమ్మ, ఆవిడ భర్త ఉంటారు. పొద్దున్నే బాల్కనీలో రెండు కప్పులు బల్ల మీద పెట్టిన టకటక, ఆయన ఏదో అనడం, ఆవిడ గలగలా నవ్వడం. వాతావరణ కేంద్రం తువ్వాలు చేత్తో పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర ఆ నవ్వు అయిపోయేదాకా నిలబడేది. ఆ పూటకు ఎక్కడో ఒకచోట వాతావరణం బాగున్నట్టు.

ఒక ఆదివారం ఆ టీచరమ్మే దిగివచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు గౌరవంగా లేచారు. కూతురు గదిలోంచి వచ్చింది. అత్తగారికి చెవులు హఠాత్తుగా బాగుపడ్డాయి. టీచరమ్మ బల్ల మీది యంత్రాన్ని, గోడవార కుర్చీలను చూసి, నేరుగా వాతావరణ కేంద్రం దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది.

“వదినగారూ, మావారు కూడా ఇదే కొందామంటున్నారు. మగవాళ్ళను అడిగితే బాగుందనే అంటారు. అబద్ధం మీ నోట రాదని అందరికీ తెలుసు. మీరేం చెబితే అదే చేస్తాం. నిజం చెప్పండి, ఎలా ఉంది?”

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన యంత్రం మీద లేని దుమ్మును చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. కూతురు గోరు కొరుక్కుంటోంది. ఒక్క మాట చాలు. ఒక్క మాట అంటే ఆ యంత్రం బల్ల దిగుతుంది, కుర్చీలు గోడ వదిలి వస్తాయి, ఆ ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పకపకా నవ్వుకున్నా నవ్వుకుంటారు. లేదా రేపటి నుంచి మెట్ల మీద ఇన్‌స్పెక్టరుగారిని చూసి ఇంకెవరో నవ్వుకుంటారు. నిజం చెబితే పైన పొద్దున్నే నవ్వే నవ్వు అలాగే ఉంటుంది. ఇక్కడ తువ్వాలు కింద గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది.

టీచరమ్మ చెయ్యి వదల్లేదు.

“అద్భుతమండీ” అంది ఆవిడ చివరికి. “కాకపోతే, మీరు ఇంకో సైజు పెద్దది తీసుకోండి.”